పాత బేలర్‌లో షియర్ బోల్టు ఊరికే తెగదు

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పరకాల దగ్గర పల్లె, రెండో చేతిగా కొన్న, గడ్డిని చదరపు కట్టలుగా కట్టే పాత బేలర్. మొన్నటి వానాకాలం కోతల్లో రోజుకు నాలుగైదు షియర్ బోల్టులు (బరువు మించితే తామే తెగి యంత్రాన్ని కాపాడేవి) తెగాయి, పెద్ద చైను రెండుసార్లు పన్ను దాటింది, రెండోసారి నీడిల్ (కట్టకు తాడు అందించే పెద్ద సూది) విరిగింది, ఫ్లైవీల్ అనే బరువు చక్రం దగ్గర ఎప్పుడూ టక్కు టక్కుమని చప్పుడు. లేత్ ఆయన అరిగిన పళ్లను వెల్డింగ్‌తో నింపి సానపట్టి ఇస్తానన్నాడు. విడిభాగాల దుకాణంలో చైన్లు, వాటి పళ్ల చక్రాలైన స్ప్రాకెట్లు సెట్టు మొత్తం మార్చాలన్నారు. యాసంగి కోతలకు నెల రోజులు కూడా లేవు, ఎవరి మాట వినాలి అని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఇద్దరూ పంటినే చూశారు. ఆ పన్ను ఉన్న చక్రాన్ని మోసే షాఫ్టును, షాఫ్టును మోసే బేరింగును, వాటి మీదికి శక్తిని పంపే ఫ్లైవీల్ హబ్బును (మధ్య దిమ్మను) ఎవరూ కదిపి చూసినట్టు లేదు. మీరు నాలుగు జబ్బులుగా రాసినవి నా లెక్కలో ఒకటో రెండో జబ్బులు. వాటిని పట్టుకోకుండా కొత్త చైను వేస్తే కొత్త చైను కూడా ఒక్క సీజన్‌లోనే పాతదవుతుంది.

నేను హన్మకొండలో ముప్ఫై ఏళ్లుగా ఫిట్టరుగా పనిచేస్తున్నాను. మొదట నూర్పిడి యంత్రాలు, తర్వాత హార్వెస్టర్లు. వరి కోతలకు హార్వెస్టర్లు వచ్చి గడ్డిని పొలంలో వరుసలుగా వదిలేయడం మొదలయ్యాక, ఆ గడ్డి ఎత్తడానికి బేలర్లు వచ్చాయి. ఇప్పుడు కాకతీయ కాలువ కింద కోతలు మొదలైతే మా షెడ్డు ముందు వాటిదే వరుస. అందుకే కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందుగా ఒక్క మాట. చెయ్యి పెట్టే ముందు పీటీఓ (ట్రాక్టరు ఇంజను శక్తిని బేలర్‌కు ఇచ్చే ఏర్పాటు) తీసేసి, ఇంజను ఆపి, తాళంచెవి మీ జేబులోనే వేసుకోండి. పీటీఓ ఆపిన తర్వాత కూడా ఫ్లైవీల్ తన బరువుతో చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా నిలిచే దాకా దగ్గరికి పోవద్దు. మెడలో తువ్వాలు, కాళ్ల చుట్టూ లుంగీ వద్దు. ఈ పనిలో చెయ్యి పోగొట్టుకున్నవారిని నేను చూశాను, ఇంతకంటే వివరంగా చెప్పబుద్ధి కావడం లేదు.

ఇక పరీక్ష. ఎప్పుడైనా ట్రాక్టరు వైపు నుంచి మొదలుపెట్టి, శక్తి ఏ దారిలో వెళుతుందో ఆ దారి వెంటే చూసుకుంటూ వెళ్లాలి. చప్పుడు వచ్చే చోట మొదలుపెట్టినవాడు చప్పుడు వెంట తిరుగుతూనే ఉంటాడు.

పీటీఓ షాఫ్టును రెండు చేతులతో పట్టి మెలిపెట్టండి. కీళ్ల దగ్గరి క్రాసులలో చిటుక్కుమంటే వాటి సూది బేరింగులు పోయినట్టే. టెలిస్కోప్ గొట్టాలను విడదీసి లోపల గీతలు, మెట్లు పడ్డాయేమో చూడండి. మళ్లీ కలిపేటప్పుడు రెండు చివరల యోకులు (క్రాసును పట్టుకునే రెండు కాళ్ల పిడులు) ఒకే వరుసలో ఉండాలి. పాత బేలర్లలో సగానికి సగం ఇక్కడే తప్పుతారు. ఎవరో గ్రీజు పెట్టడానికి విప్పి, ఒక పన్ను తప్పించి బిగిస్తారు. అప్పటినుంచి నిమిషానికి 540 చుట్లు ఒకే వేగంతో రావాల్సింది, ప్రతి చుట్టులో రెండుసార్లు ఎగిరి రెండుసార్లు తగ్గుతూ వస్తుంది. ఆ కుదుపు నేరుగా మీ షియర్ బోల్టుకు తగులుతుంది. సరిచేయడానికి పైసా ఖర్చు లేదు, విప్పి మళ్లీ తొడిగితే చాలు. గొట్టాలు ఎంత చాపినా కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి, లేకపోతే మలుపులో వంగుతాయి.

తర్వాత స్లిప్ క్లచ్, అంటే బరువు మించితే జారి దెబ్బ తగ్గించేది. పోయిన సీజన్ అయ్యాక మీ బేలర్ వేపచెట్టు కింద వాన తిన్నదని ఫొటో చూస్తేనే తెలుస్తోంది. అలా నిలబడిన యంత్రంలో క్లచ్ ప్లేట్లు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు క్లచ్ ఉన్నా లేనట్టే, దెబ్బ మొత్తం బోల్టు మీదే. ప్లేట్ల అంచుల మీద అడ్డంగా సున్నంతోనో పెయింటుతోనో ఒక గీత గీయండి. స్ప్రింగుల పొడవు కొలిచి రాసుకోండి. నట్లను ఒక్కోటి సమానంగా వదులు చేసి, బేలర్ వైపు బిగబట్టి, ఇంజను తక్కువ వేగంలో రెండు మూడు సెకన్లు మాత్రం పీటీఓ తిప్పండి. గీత ముక్కలైతే ప్లేట్లు విడిపోయినట్టు. పొగ వచ్చేదాకా తిప్పకండి. తర్వాత స్ప్రింగులను యంత్రం పుస్తకంలో చెప్పిన పొడవుకు బిగించండి. గతంలో ఎవరైనా స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలేదాకా బిగించి ఉంటే, జారకుండా బాగా పట్టింది అనుకుని సంతోషించి ఉంటారు. ఆ సంతోషం ఖరీదు గేర్‌బాక్సు కడుతుంది.

ఇప్పుడు ఫ్లైవీల్. మీ టక్కు టక్కు ఇక్కడే ఉందని నా అనుమానం. ఫ్లైవీల్ అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ చిన్నగా ఊపండి. మరొకరిని హబ్బు మీద వేలు పెట్టి ఉంచమనండి. ఫ్లైవీల్ కదిలిన తర్వాత కొంచెం ఆలస్యంగా హబ్బు కదిలితే, బోల్టు రంధ్రాలు గుండ్రతనం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. ప్లంజర్ (గడ్డిని కట్టగా కుదించే, ముందుకూ వెనక్కూ ఆడే దిమ్మె) గడ్డిని నొక్కేటప్పుడు ఫ్లైవీల్ ఒక దిక్కు తోస్తుంది, నొక్కు వదిలినప్పుడు గడ్డి వెనక్కి తన్నుతుంది. ఆ రెండు దెబ్బల మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ ఉన్నా చాలు, బోల్టు ప్రతి చుట్టులో సుత్తి దెబ్బ తింటుంది.

తెగిన బోల్టు ముక్కలు పారేయలేదు కదా? వాటిని చూడండి, అవే సాక్ష్యం. తెగిన ముఖం కత్తితో కోసినట్టు నున్నగా, ఒకే తలంలో ఉంటే అది నిజంగా బరువు ఎక్కువై తెగింది. గడ్డి గడ్డలు కట్టడమో, రాయి పడడమో, కత్తి మొద్దుబారడమో కారణం. ముక్క కొద్దిగా వంగి, తెగిన ముఖంలో ఒక వైపు నునుపుగా, మరో వైపు గరుకుగా ఉంటే అది వదులు రంధ్రంలో ఊగి ఊగి, అలసి తెగింది. రెండు రకాల ముక్కలూ దొరికితే రెండు జబ్బులూ ఉన్నట్టు.

రంధ్రం అరిగిందని తేలితే చాలామంది చేసే పని, కొంచెం లావు బోల్టు వేయడం. ఇంకొందరు ఇనుప దుకాణంలో దొరికే హైటెన్షన్ బోల్టు వేస్తారు. ఆ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట, కోత మధ్యలో, చీకటి పడుతుండగా, దుకాణాలు మూసేశారని ఒక గట్టి బోల్టు వేసి రైతును పంపించాను. బోల్టు తెగలేదు. మర్నాడు మధ్యాహ్నానికి గేర్‌బాక్సులో రెండు పళ్లు తెగిపోయాయి. అతని ఆ సీజన్ మొత్తం అలాగే పోయింది, నేను చేసిన పనికి కూలి అడగలేకపోయాను. షియర్ బోల్టు తెగడానికే పుట్టింది. దాని కొలత, గ్రేడు యంత్రం పుస్తకంలో ఏది ఉంటే అదే వేయాలి. బోల్టు తల మీది అంకెలు చూసే కొనండి. 8.8 ఉండాల్సిన చోట 10.9 వేస్తే మీరు యంత్రానికున్న బీమా తీసేసినట్టే.

సరైన మరమ్మతు ఇది: ఫ్లైవీల్‌ను, హబ్బును రెండింటినీ విప్పి లేత్‌కు తీసుకెళ్లండి. రెండింటినీ కలిపి బిగించి, రంధ్రాన్ని ఒకేసారి గుండ్రంగా పెద్దది చేయించి, గట్టిపరచిన ఉక్కు బుష్‌లను బిగుతుగా నొక్కించండి. బుష్ లోపలి కొలత బోల్టుకు సరిపోయేలా ఉండాలి, బోల్టు వేలితో నెడితే వెళ్లాలి కానీ లోపల ఊగకూడదు. విడివిడిగా రంధ్రాలు చేస్తే రెండూ ఎన్నటికీ ఎదురెదురుగా రావు. ఇంకోటి, బోల్టు తెగినప్పుడు హబ్బు మీద ఫ్లైవీల్ స్వేచ్ఛగా తిరగడానికి మధ్యలో ఒక బుష్ ఉంటుంది. అది అరిగితే ఫ్లైవీల్ బరువంతా బోల్టు మీద వాలుతుంది. దానికి గ్రీజు నిప్పల్ ఉంటుంది, మట్టితో మూసుకుపోయి ఉంటుంది. కొత్త నిప్పల్ వేయండి.

గేర్‌బాక్సు గురించి ఎక్కువ చెప్పను. నూనె తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడండి. సన్నటి బూడిదరంగు పొడి ఉంటే వయసు. మెరిసే రేకులు, గుచ్చుకునే ముక్కలు ఉంటే విప్పాలి. పాల రంగు ఉంటే నీరు చేరింది. సీలు మార్చి, పుస్తకం చెప్పిన గ్రేడు గేర్ నూనె కొత్తది పోయండి, సాధారణంగా 90 ఈపీ ఉంటుంది. విప్పాల్సి వస్తే పొలం గట్టు మీద విప్పకండి. లోపల ఎన్ని షిమ్‌లు (సందు సర్దే పలుచటి రేకులు) ఏ వైపు ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకున్నాకే కదపాలి. శంఖు గేర్లలో ఒకటి పోతే రెండూ జతగా మార్చాలి. అరిగిన గేరుకు జోడీ కోయించాలంటే హైదరాబాద్ బాలానగర్ దాకా పోవాలి, యాసంగి లోపల అయ్యే పని కాకపోవచ్చు. అందుకే దాన్ని అక్కడిదాకా తెచ్చుకోకూడదు.

ప్లంజర్ దగ్గరికి వద్దాం. మీరు దీని గురించి ఒక్క మాట కూడా రాయలేదు, బోల్టులు తెగడానికి ఇంకో పెద్ద కారణం ఇదే. ప్లంజర్ పక్కన ఒక కత్తి, గడ్డిని నొక్కే గది గోడకు ఇంకో కత్తి ఉంటాయి. ప్రతి పోటులో అవి కత్తెరలా దాటుతూ లోపలికి వస్తున్న గడ్డిని కోయాలి. ప్లంజర్ కింది బేరింగులు, పట్టాలు అరిగితే ప్లంజర్ పక్కకు జరుగుతుంది, కత్తుల మధ్య ఖాళీ పెరుగుతుంది. అప్పుడు గడ్డి తెగదు, మడత పడి ఇరుక్కుంటుంది. యంత్రం దాన్ని చింపాలి. మన వరి గడ్డి అసలే నారతనం ఉన్నది, అందులో సిలికా ఎక్కువ, కత్తి తొందరగా మొద్దుబారుతుంది. వానాకాలం కోతల్లో మంచు పట్టి మెత్తబడిన గడ్డి అయితే ఇంకా మొండి.

ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ రెండు కత్తులూ ఎదురెదురుగా వచ్చినప్పుడు ఆపి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకుల కట్ట) పెట్టి పైనా కిందా రెండు చోట్లా కొలవండి. చాలా యంత్రాల్లో అర మిల్లీమీటరు అటూఇటూ చెబుతారు, మీ పుస్తకంలోని అంకే ప్రమాణం. పైన సరిగ్గా ఉండి కింద రెండు మిల్లీమీటర్లు ఉందంటే కత్తి తప్పు కాదు, కింది బేరింగులు పోయాయి. అవి మార్చి, తర్వాత షిమ్‌లతో కత్తిని సర్దండి. కత్తిని సానపట్టేటప్పుడు ఏటవాలు ముఖాన్నే పట్టించాలి. చదును ముఖం జోలికి వెళితే ఆ కత్తి పాడైనట్టే. సానరాయి మీద నీలం రంగు తేలేదాకా నొక్కితే గట్టిదనం పోతుంది, నీళ్లలో ముంచుతూ నెమ్మదిగా పట్టించండి. కనెక్టింగ్ రాడ్ రెండు చివరలా గడ్డపారతో చిన్నగా ఎత్తి చూడండి, అక్కడ కదలిక ఉంటే ఆ టక్కులో దానికీ వాటా ఉంది.

ఇప్పుడు మీరు అసలు అడిగిన చైను, పళ్లు.

చైను అరిగిందో లేదో కంటితో కాదు, ఒక అడుగు ఉక్కు స్కేలుతో తెలుస్తుంది. 80 నంబరు చైనులో ఒక పిన్ను నుంచి మరో పిన్నుకు 25.4 మిల్లీమీటర్లు. కాబట్టి 12 లింకులు సరిగ్గా ఒక అడుగు, అంటే 304.8. 60 నంబరు చైనులో పిన్నుకు పిన్ను 19.05, అందువల్ల 16 లింకులు ఒక అడుగు. చైనును కిరోసిన్‌తో కడిగి, నేల మీద బిగలాగి, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొలవండి. 311 వచ్చిందంటే రెండు శాతం సాగింది, మార్చాలి. ఫీడరు (గడ్డిని లోపలికి తోసేది), నాటర్ (తాడుకు ముడి వేసేది), నీడిల్ ఒకదానికొకటి సరైన క్షణంలో కదిలేలా చూసే చైను, అంటే సమయం పట్టే చైను అయితే నేను 308 దగ్గరే మార్చేస్తాను. నా అతి జాగ్రత్త అని మా కుర్రాళ్లు నవ్వుతారు, కానీ నీడిల్ ఖరీదు వాళ్లు కట్టరు. ఒకే చోట కొలిచి వదలకండి, మూడు చోట్ల కొలవండి. ఒక చోట బాగుండి ఇంకో చోట సాగి ఉంటే మధ్యలో ఎవరో కొత్త ముక్క అతికారు. అలాంటి చైనును సర్దుబాటు చేయడం ఎవరి వల్లా కాదు.

చైను పక్క పలకలను కూడా చూడండి. లోపలి వైపు ఒకే పక్క మెరుస్తూ ఉంటే, స్ప్రాకెట్ పళ్లు కూడా ఒక పక్కే నున్నగా అరిగి ఉంటే, రెండు చక్రాలు ఒక వరుసలో లేవు. పొడుగాటి నిటారు పట్టీ ఒకటి రెండు చక్రాల ముఖాలకు ఆనించి చూస్తే తెలుస్తుంది. ఇక్కడే ఆగి, స్ప్రాకెట్ కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తండి. చక్రం, షాఫ్టు కలిసి కదిలితే బేరింగు గానీ, షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోటు గానీ అరిగింది. షాఫ్టు కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే కీ గాడి అరిగింది (కీ అంటే చక్రం షాఫ్టు మీద జారకుండా గాడిలో దూర్చే ఉక్కు ముక్క). మీ చైను పన్ను దాటింది అంటే ఈ మూడింటిలో ఒకటైనా ఉంటుందని నా నమ్మకం. సాగిన చైను ఒక్కటే అయితే బిగుతు చక్రం సర్దితే కొన్నాళ్లు ఆగేది. మీరు బిగించినా దాటిందని రాశారు.

పళ్లను వెల్డింగ్‌తో నింపడం గురించి సూటిగా చెబుతాను, వద్దు. మీ లేత్ ఆయన పనితనాన్ని తప్పుపట్టడం లేదు. చేత్తో సానపట్టిన పళ్లలో ప్రతి పంటికీ దూరం కొద్దికొద్దిగా తేడా వస్తుంది. ఒక పన్ను ముందుగా బరువు పడుతుంది, తర్వాతిది ఆలస్యంగా పడుతుంది, చైను ఎగురుతూ నడుస్తుంది. పైగా వెల్డింగ్ వేడికి పంటి గట్టిదనం పోతుంది, లేదా మరీ పెళుసై విరుగుతుంది. గడ్డి ఎత్తే పికప్ దగ్గరి నెమ్మది చక్రానికి, కోత మధ్యలో, రెండు రోజులు గడవడానికి అయితే సరే. నీడిల్ సమయం పట్టే చైనుకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

దానికి బదులు ఆయన చేత ఈ పని చేయించండి. హబ్బు బాగానే ఉండి పళ్లు మాత్రం అరిగితే, హబ్బును లేత్ మీద బిగించి పళ్ల చుట్టును తీసేయించండి. హబ్బు మీద చిన్న మెట్టు వదలమనండి. అదే నంబరు చైనుకు, సరిగ్గా అన్నే పళ్లు ఉన్న కొత్త ప్లేట్ స్ప్రాకెట్ కొని, దాని మధ్య రంధ్రాన్ని ఆ మెట్టు మీద బిగుతుగా కూర్చునేలా లేత్ మీద కోయించండి. నాలుగు వైపులా ఎదురెదురుగా వెల్డింగ్ చుక్కలు పెట్టి, డయల్ గేజ్‌తో ఊగుడు చూసి, తర్వాతే కొద్దికొద్దిగా వెల్డింగ్ పూర్తి చేయాలి. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే దెబ్బ తింటారు. సమయం పట్టే స్ప్రాకెట్‌లో కీ గాడికి ఎదురుగా పన్ను ఉందా, పళ్ల మధ్య గుంట ఉందా అన్నది ముఖ్యం. పాత చక్రాన్ని కోయకముందే ఒక అట్టముక్క మీద పెట్టి కీ గాడి, దాని దగ్గరి పళ్లు గీసుకోండి. కొత్తది అదే వరుసలో అతకాలి. అర పన్ను తప్పితే నీడిల్ సమయం తర్వాత ఎంత సర్దినా కుదరదు.

అంత ఖర్చు వద్దనుకుంటే ముందు ఒకటి చూడండి. పళ్లు ఒక వైపే అరిగి, హబ్బు రెండు పక్కలా సమానంగా ఉంటే, చక్రాన్ని తిరగేసి వేయవచ్చు. అరగని వైపు బరువు పట్టుకుంటుంది, ఇంకో సీజన్ నడుస్తుంది. హబ్బు ఒక వైపే పొడుచుకు వచ్చి ఉంటే వరుస తప్పుతుంది, అప్పుడు ఈ ఉపాయం పనిచేయదు. సమయం పట్టే చక్రం అయితే కీ గాడికీ పళ్లకూ ఉన్న వరుస తిరగేశాక కూడా అలాగే ఉందో లేదో ఆ అట్టముక్కతో చూసుకోండి. ఏం చేసినా కొత్త చైను కింద కొక్కేల్లా వంగిన పాత పళ్లు మాత్రం ఉంచకండి, కొత్త చైనును నెలలో తినేస్తాయి. ఈ ఒక్క విషయంలో దుకాణం వాళ్ల మాట నిజం. అయితే బాగున్న చైన్లను కూడా కలిపి సెట్టు అమ్మడం వాళ్ల వ్యాపారం. కొలిచి, అరిగినవాటికే డబ్బు పెట్టండి.

షాఫ్టు అరిగితే ఏం చేయాలన్నది మైక్రోమీటరు చెప్పాలి. 35 మిల్లీమీటర్ల సీటు 34.95 ఉంటే బేరింగు పట్టించే ద్రవం పూసి నడిపించవచ్చు. 34.7 అయితే నడవదు. షాఫ్టు మీద సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగు బిగుతుగా ఎక్కించడం మన దగ్గర పాత అలవాటు. అది వారం రోజుల బిగువే, చుక్కల కొనలు నలిగిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. వెల్డింగ్‌తో నింపి లేత్ మీద కొలతకు తెప్పించడం మంచి పనే, సరిగ్గా చేస్తే. పొడిగా ఉన్న 7018 వెల్డింగ్ రాడ్లు వాడాలి, షాఫ్టును ముందు వేడి చేయాలి, ఒక గీత ఇటు పెడితే తర్వాతి గీత ఎదురు వైపు పెట్టాలి, అయ్యాక నీళ్లు పోయకుండా పొడి సున్నంలోనో బూడిదలోనో పూడ్చి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇంత తీరిక లేదు అనేవాళ్లతో చేయించకండి, వంకర షాఫ్టు చేతికి వస్తుంది. నన్నడిగితే, మెట్లు తక్కువగా ఉన్న సాదా షాఫ్టు అయితే ఈఎన్-8 అనే రకం ఉక్కు కడ్డీ తెచ్చి లేత్ మీద కొత్తది చేయించడమే మేలు. మెట్టు దగ్గర మూలను కత్తిరించినట్టు పదునుగా వదలకుండా కొద్దిగా గుండ్రంగా ఉంచమని చెప్పండి. షాఫ్టులు విరిగేది ఎప్పుడూ ఆ మూలలోనే.

కీ గాడి కొంచెం అరిగితే దాన్ని వెడల్పు చేయించి మెట్టు కీ (ఒక సగం వెడల్పుగా, ఒక సగం సన్నగా ఉండేది) వేయించండి. 35 షాఫ్టుకు మామూలుగా 10 వెడల్పు, 8 ఎత్తు కీ వస్తుంది. గాడి మరీ పాడైతే ఎదురు వైపు కొత్త గాడి తీయించవచ్చు, కానీ సమయం పట్టే షాఫ్టులకు ఇది చేయకండి, పైన చెప్పిన కారణమే. కీ కోసం కీ ఉక్కు కడ్డీయే కొనండి. స్లాబు చువ్వను సానపట్టి దూర్చినవి నేను చాలా పీకాను, మైనంలా నలిగి ఉంటాయి.

బేరింగులు బిల్లు ఇచ్చే చోటే కొనండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అన్నీ దొరుకుతాయి, నకిలీలు కూడా దొరుకుతాయి. పాత బేరింగు మీది నంబరు మొత్తం, చివరి అక్షరాలతో సహా రాసుకుని వెళ్లండి. ఎక్కించేటప్పుడు షాఫ్టు మీదికి అయితే లోపలి రింగునే నెట్టాలి. బయటి రింగు మీద సుత్తితో కొడితే కొత్త బేరింగు పెట్టెలోంచి తీసిన రోజే చచ్చిపోతుంది. యంత్రం మీదే ఏదైనా వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ చేసే ముక్కకే పెట్టండి. ట్రాక్టరుకు పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి గుండ్ల మీద గుంటలు పెడుతుంది. ట్రాక్టరు తగిలించి ఉంటే బ్యాటరీ తీగ విప్పండి. చుట్టూ గడ్డి ఊడ్చి, బిందెడు నీళ్లు పక్కన పెట్టుకోండి.

అన్నీ బిగించాక సమయం కలపాలి. పుస్తకంలో గుర్తులు ఎక్కడ కలవాలో ఉంటుంది, దాని ప్రకారమే చైను ఎక్కించండి. లాకు క్లిప్పు మూసుకున్న చివర చైను వెళ్లే దిక్కుకు ఉండాలి. తర్వాత నాటర్‌ను చేత్తో విడిపించి, ఫ్లైవీల్‌ను పని దిక్కులో చేత్తోనే నెమ్మదిగా, ఒక పూర్తి కట్టు పడేదాకా తిప్పండి. నీడిల్ కొనలు ప్లంజర్ గాడుల్లోకి దేనికీ తగలకుండా వెళ్లి రావాలి. ఎక్కడైనా బిగిస్తే బలం పెట్టకండి, ఆపి చూడండి. పోయిన సీజన్‌లో రెండోసారి చైను దాటాక మీరు ఈ ఒక్క చుట్టు చేత్తో తిప్పి ఉంటే నీడిల్ మిగిలేది. అది మీ తప్పు అనడం లేదు, ఎవరూ చెప్పి ఉండరు.

చైన్లకు గ్రీజు పూయకండి. గ్రీజు పైనే ఉండి దుమ్మును పట్టుకుని సానరాయిలా తయారవుతుంది, పిన్నుల లోపలికి పోదు. సాయంత్రం పని ఆపగానే, చైను వేడిగా ఉన్నప్పుడు, మామూలు ఇంజను నూనె బ్రష్షుతో లోపలి అంచుల మీద పూయండి, రాత్రంతా లోపలికి దిగుతుంది. ఏప్రిల్ ఎండలో ఎండుగడ్డి పని అంటే నిప్పు పక్కన కూర్చోవడమే. షాఫ్టుకు, బేరింగుకు మధ్య పీచు చుట్టుకుంటుంది, సీలును కోస్తుంది, బేరింగు కాలుతుంది, పీచు అంటుకుంటుంది. ప్రతి ట్రాలీ నిండాక ఆపి ఆ పీచు కోసి తీయించండి. బేరింగు వేడి చూడడానికి వర్క్‌షాపులో వాడే థర్మామీటరు తుపాకీ ఒకటి కొనుక్కోండి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది పనికిరాదు, అది జ్వరం వరకే చూపిస్తుంది.

మొదటి రోజు పెద్ద పొలానికి ఒప్పుకోకండి. మీ సొంత మడిలో పది కట్టలు కట్టి ఆపండి. ప్రతి బేరింగు గూడు మీదా చెయ్యి పెట్టి, మిగతావాటికంటే ఏది వేడిగా ఉందో చూడండి. క్లచ్ మీది గీత జరిగిందేమో చూడండి. కొత్త చైను మొదటి రోజు కొద్దిగా సాగుతుంది, సాయంత్రం ఒకసారి బిగించాలి, మళ్లీ మూడో రోజు చూస్తే చాలు.

రేపు ఉదయం ముందుగా మూడు కొలతలు తీసి పంపండి: సమయం పట్టే చైను ఒక అడుగు కొలత మూడు చోట్ల, కత్తుల ఖాళీ పైనా కిందా, షియర్ బోల్టు రంధ్రం నిలువుగా ఎంత, అడ్డంగా ఎంత. వాటితో పాటు తెగిన బోల్టు ముఖం దగ్గరి నుంచి ఒక ఫొటో. అవి చూశాక లేత్‌కు ఏవి పంపాలో, రాణిగంజ్‌కు ఏ జాబితా పట్టుకుని వెళ్లాలో రాసి ఇస్తాను. అప్పటిదాకా సెట్టుకు అడ్వాన్సు మాత్రం కట్టకండి.